ఎర్రగుడ్డ కట్టిన నందివర్ధనం

పార్కు మేస్త్రీగారికి,

నమస్కారాలు. ఇక్కడ క్షేమం అని రాయడం అలవాటు కాబట్టి రాస్తున్నాను. మీరు నిజంగానే క్షేమమని తలుస్తాను.

నేను పార్కు ఎదురింట్లో ఉంటాను. మా వంటింటి కిటికీ మీ వైపే తెరుచుకుంటుంది. తొలకరి పడగానే మీ ముఠా కత్తెరలూ కొడవళ్ళూ పట్టుకుని దిగడం ఏటా చూస్తూనే ఉన్నాను. నిన్న గేటు దగ్గర మీరు కొడవళ్ళు నూరుతుంటే ఆ చప్పుడుకి గుండె జారింది. దాంతోపాటు చేతిలో గిన్నె కూడా జారింది.

విన్నపం ఒక్కటే. నీళ్ళ కుళాయి పక్కన బెంచీ ఉంది. ఆ బెంచీకీ ప్రహరీగోడకీ మధ్య ఒక నందివర్ధనం ఉంది. మా కుండీలోంచి నేను విరిచి ఇచ్చిన కొమ్మని మావారు అక్కడ నాటారు. ఇన్నేళ్ళూ అది మోకాలెత్తు దాటలేదు, ఒక్క పువ్వూ పూయలేదు. ఈ ఏడు మాత్రం మనిషెత్తు పెరిగి, ఎవరో తెల్లబట్ట ఆరేసినట్టు విరగబూసింది. చూడడానికి ఆయన లేరు. పోయిన చలికాలంలో కాలం చేశారు.

దయచేసి దాని జోలికి వెళ్ళకండి.

ఇట్లు,
ఎదురింటావిడ

తా.క. మీ గేటు దగ్గర ఫిర్యాదుల పెట్టె తప్ప మరో పెట్టె లేదు. అందుకని దీన్ని అందులోనే వేస్తున్నాను. ఇది ఫిర్యాదు కాదు.

*

ఎదురింటి అమ్మగారికి,

పార్కు మేస్త్రీ దండాలు పెట్టి రాసేది. మీ ఫిర్యాదు అందింది.

మా అధికారిగారు సెలవులో ఉన్నారు. ఉత్తరాలకి జవాబు ఎవరు రాయాలంటే, నరికినవాడే రాయాలని చెప్పి వెళ్ళారు. అందుకే నా చేతిరాత మీకు తప్పలేదు.

మీ బాధ మాకు అర్థమైంది. కుళాయి పక్క చెట్టు మనిషెత్తు పెరిగి మీ వంటింటికి అడ్డమొచ్చింది. ఉత్తరం చూసిన పూటే కొట్టేశాం. మొండి చెట్టు, ముగ్గురం పట్టాం. ఇప్పుడు కిటికీలోకి గాలీ వెలుతురూ ధారాళంగా వస్తున్నాయని తలుస్తాను. ఈ ముక్కే మీరు రాసి సంతకం పెట్టి పెట్టెలో వేస్తే, మా పనితనం అధికారిగారికి తెలుస్తుంది. మేం వానాకాలానికి మాత్రమే పెట్టుకునే కూలీలం. మళ్ళీ ఏడు పిలుస్తారా లేదా అన్నది ఆ పెట్టెలో కాగితాల మీదే ఉంటుంది.

చిత్తగించగలరు,
మేస్త్రీ

తా.క. మీరు దాన్ని నందివర్ధనం అని రాశారు. అది గన్నేరు. చదువుకున్నవాళ్ళకి చెట్ల పేర్లు తెలియకపోవడం మామూలే, ఏమీ అనుకోకండి.

*

మేస్త్రీగారికి,

నమస్కారం. మీరు కొట్టింది గన్నేరే. ఎందుకంటే మీరు వెళ్ళింది రెండో కుళాయి దగ్గరికి. పార్కులో రెండు కుళాయిలు ఉన్నాయని మొదటి ఉత్తరంలో రాయకపోవడం నా తప్పే అనుకుందాం. కానీ ‘జోలికి వెళ్ళకండి’ అన్న మాట ఏ కుళాయి దగ్గర చదివినా ఒకటే కదా!

ఆ గన్నేరు నీడలో మా పక్కింటి లెక్కల టీచరుగారు రోజూ చేతులు ఊపుతూ వ్యాయామం చేసుకుంటారు. మీ ముఠాలో ఎవరో ‘ఎదురింటావిడ రాసిచ్చింది’ అని ఆవిడతో అన్నారట. నిన్న గోడ మీంచి తల పెట్టి, “ఏం వదినా, నా నీడ నీకేం అన్యాయం చేసింది?” అని అడిగారు. ఏమీ చెయ్యలేదన్నాను. “చెయ్యకపోతేనే కొట్టించావు, చేస్తే ఇంకేం చేసేదానివో” అన్నారు. ఆయన పోయాక మా ఇంట్లోకి వచ్చి పది నిమిషాలు కూర్చునే మనిషి ఆవిడ ఒక్కరే. ఇప్పుడు ఆవిడా రావడం లేదు.

ఇక పొరపాటు జరగకూడదని ఈ సాయంత్రం నేనే పార్కులోకి వచ్చి, మా నందివర్ధనానికి ఒక గుడ్డ కట్టాను. దూరం నుంచి కూడా మీ కంట పడాలని మంచి ఎర్రటిది ఎంచి కట్టాను. ఆ గుడ్డ ఉన్న మొక్కే నేను చెప్పే మొక్క.

ఇట్లు,
ఎదురింటావిడ

తా.క. మీరు ఉత్తరం చివరిదాకా చదువుతారో లేదో తెలియదు. అందుకని అసలు మాట ఇక్కడ మళ్ళీ రాస్తున్నాను. కొట్టొద్దు.

*

అమ్మగారికి,

ముందు దండం, చివర క్షమాపణ. మధ్యలో జరిగింది రాస్తాను.

మా దగ్గర ఒక పద్ధతి ఉంది. సీజను మొదట్లో అధికారిగారు పార్కంతా తిరిగి, ఉంచాల్సిన వాటికి తెల్లగుడ్డ, కొట్టెయ్యాల్సిన వాటికి ఎర్రగుడ్డ కడతారు. ఈసారి ఆయన సెలవులో ఉండడంతో ఏ మొక్కకీ ఏ గుడ్డా లేదు. ఏం కొట్టాలో తెలియక మా వాళ్ళు ఊరికే గడ్డి పీకుతూ కూర్చున్నారు. ఈ పొద్దున పార్కు మొత్తం మీద ఒకే ఒక్క ఎర్రగుడ్డ కనిపించింది. “సెలవులో ఉండి కూడా మనకోసం వచ్చి కట్టి వెళ్ళాడంటే ఆయన శ్రద్ధే శ్రద్ధ” అని పొగుడుకుంటూ, అందరూ దాని మీదే పడ్డారు. మోకాలి దగ్గరికి కోసేశారు. పూలన్నీ చెత్తబండిలో వెళ్ళిపోయాయి.

మధ్యాహ్నం నేను పెట్టె తెరిచాను. మీ ఉత్తరం ఈసారి చివరిదాకా చదివాను. చివరి నుంచి మొదలుపెట్టి, పొద్దున్నే చదివి ఉంటే బాగుండేది.

వేరు గట్టిగానే ఉంది. చిగురిస్తుంది. అధికారిగారికి మాత్రం రాయకండమ్మా. మా ముఠాలో పిల్లలు గలవాళ్ళున్నారు.

క్షమించమని అడుగుతూ,
మేస్త్రీ

తా.క. మీ ఎర్రగుడ్డ ఉతికి, ఆరేసి, ఈ ఉత్తరంతో పంపుతున్నాను. మంచి గుడ్డ.

*

మేస్త్రీకి,

నమస్కారం రాయబుద్ధి కావడం లేదు.

కిటికీలోంచి చూశాను. నిన్నటిదాకా తెల్లగా నిండుగా ఉన్నచోట ఇవాళ నాలుగు మోడులు నిలబడి ఉన్నాయి. వాటి వెనక బెంచీ. బెంచీ మీద ఎవరూ లేరు.

మీకు అది ఒక మొక్క. ఆయన ఉద్యోగం మానిన దగ్గర్నుంచీ పొద్దునా సాయంత్రం ఆ బెంచీ మీదే కూర్చునేవారు. ఎండయినా, వానయినా, రెండూ లేని మబ్బు రోజయినా భుజం మీద నల్లగొడుగు విప్పుకుని కూర్చునేవారు. ఆ గొడుగు మా హాల్లో కొక్కేనికి అలాగే వేలాడుతోంది. ఆ మొక్కని ఆయన కళ్ళలో పెట్టుకుని చూసుకున్నారు. ఆయన ఉండగా ఎదగని మొక్క, పోయాక ఎదిగింది. దాన్ని మీరు బండికెత్తారు.

మీ అధికారికి రాయాలా వద్దా అని ఆలోచిస్తున్నాను. కాగితం తీసి పెట్టుకున్నాను.

ఎదురింటావిడ

తా.క. గుడ్డ అందింది. సరిగా జాడించలేదు. సబ్బు మిగిలిపోయింది.

*

అమ్మా,

మీరు గొడుగు సారు ఇంటావిడా?

మేం ఆయన్ని అలాగే పిలిచేవాళ్ళం, పేరు ఎప్పుడూ అడగలేదు. ఈ ఏడు మేం దిగిన రోజున బెంచీ ఖాళీగా ఉంటే, కొడుకు దగ్గరికో కూతురు దగ్గరికో వెళ్ళి ఉంటారనుకున్నాం. మీ మొదటి ఉత్తరం ఇప్పుడు తీసి పూర్తిగా చదివాను. పోయారని మీరు అందులోనే రాశారు. నాకు ఇవాళ తెలిసింది. మావాళ్ళు కోసింది సారు మొక్కేనని తెలిసినా, ‘మా నందివర్ధనం’ అని రాసిన మీరు ఆయన ఇంటావిడని తట్టలేదు.

మీకు ఒక సంగతి చెప్పాలి. చెబితే మీరు నన్ను తిట్టొచ్చు, ఆయన్నీ తిట్టొచ్చు. ఆ మొక్క తనంతట తాను ఎదగకపోవడం కాదు. ఏటా మా చేత కోయించింది సారే. మేం లేని నెలల్లో ఆయనే చిగుళ్ళు గిల్లేసేవారట. మొగ్గ తొడిగే వీలే ఉండేది కాదు.

మొదటిసారి నాతో ఏమన్నారో మాటకి మాట గుర్తుంది. “మేస్త్రీ, ఇది మా ఆవిడ ఇచ్చిన కొమ్మ. పీకేస్తే ఆవిడ నన్ను పీకేస్తుంది. పెరగనిస్తే మా కిటికీ కనపడదు. మోకాలి దగ్గర కోసెయ్యి, ఇద్దరం బతుకుతాం” అన్నారు.

“ఇంట్లో రోజంతా కనబడే మనిషేగా సారూ, ఇక్కణ్ణుంచి చూసేదేంటి?” అన్నాను.

“ఇంట్లో ఎక్కడ మాట్లాడుతుందిరా? అన్నం, మందులు, చెప్పులు బయట విప్పండి. అంతే. గిన్నెలు కడిగేటప్పుడు చూడు, కిటికీ దగ్గర తనలో తను ఎన్ని కబుర్లు చెప్పుకుంటుందో! వినపడదనుకో. కనపడుతుందిగా, నాకది చాలు. గరిటె ఊపిందంటే నా గురించే. ఆ గరిటె కింద పెట్టాకే లేచి ఇంటికెళ్తా” అన్నారు.

అమ్మా, మిమ్మల్ని చూడ్డానికే కోయించారు. అధికారిగారికి రాస్తే రాయండి. ఈ మాట మాత్రం మీ దగ్గర దాచలేకపోయాను.

మీ,
మేస్త్రీ

తా.క. ఆ గొడుగు ఎండకీ కాదు, వానకీ కాదు. మా ఆఫీసు వెనక ఒక ముద్ద నందివర్ధనం ఉంది. దానికే ‘పూలు కోయరాదు’ అని బోర్డు తగిలించాం. ఇంటికెళ్ళేముందు సారు ఆ బోర్డు కిందే కోసి, గొడుగు ముడిచి మడతల్లో వేసుకునేవారు. “మన మొక్క పూయడం లేదంటే ఆవిడ దిగులుపడుతుంది” అనేవారు. నేను అటు తిరిగి నిలబడేవాణ్ణి. కానీ మీరేమో మొక్క ఒక్క పువ్వూ పూయలేదని మొదటి ఉత్తరంలోనే రాశారు. మరి రోజూ ఇంటికొచ్చిన పూలు ఎక్కడివనుకున్నారమ్మా?

*

మేస్త్రీగారికి,

నమస్కారాలు. పోయినసారి రాయని నమస్కారం కూడా ఇందులోనే కలుపుకోండి.

ముందు పూల సంగతి. నేను విరిచి ఇచ్చింది ఒంటిరేకు నందివర్ధనం. ఆయన తెచ్చినవి ముద్దపూలు. “మన మొక్కవే” అనేవారు. ఔననేదాన్ని. గ్లాసులో నీళ్ళు పోసి బల్ల మీద పెట్టేదాన్ని. గొడుగులోంచి రాలిన రేకులు హాల్లో రోజూ నేనే ఊడ్చాను. మొక్క గొడ్డుపోయిందనీ, ఆ మాట నా ముందు అనలేక ఎక్కడో దొంగతనం చేస్తున్నారనీ అనుకున్నాను. ఆయనే గిల్లుతున్నారని మాత్రం తెలియదు. డబ్బు తెచ్చే దొంగని నిలదీయొచ్చు. పూలు తెచ్చే దొంగని ఏమని నిలదీస్తాం?

ఇక గరిటె సంగతి. నాలో నేను మాట్లాడుకున్నానని ఆయన అనుకున్నారన్నమాట. నాకేమన్నా పిచ్చా? మొక్క పొట్టిగా ఉన్నన్నాళ్ళూ మా కిటికీలోంచి ఆ నల్లగొడుగు కనబడేది, దాని నీడలో మొహం తెలిసేది కాదు. నేను దానితో మాట్లాడేదాన్ని. ఆయనకి ఎదురుగా ఒక మాట అంటే పది మాటలు వచ్చేవి. గొడుగు ఎదురుచెప్పదు. కాబట్టి అన్నీ దానికే చెప్పేదాన్ని, మంచివి కూడా. అది విననట్టు కూర్చునేది. చూస్తున్నదని నాకేం తెలుసు?

మీకు నేను రాసినదాంట్లో సగమే నిజం. పూల కోసం మొక్కని కొట్టొద్దన్నాను. అసలు సంగతి, ఆయన పోయాక అది పెరిగి పెరిగి ఖాళీ బెంచీని కప్పేసింది. అందుకే కొట్టొద్దన్నాను. మీరు కోసిన రోజు కిటికీ తలుపులు మూసి గిన్నెలు కడిగాను. చీకట్లో ఒక పళ్ళెం పగిలింది. మీ ఉత్తరం చదివాక తలుపులు తీశాను.

ఆ మొక్కని ఇకమీదట ఏటా మోకాలెత్తుకి కోసెయ్యండి. మీరు లేని నెలల్లో నేను వచ్చి గిల్లుతాను.

మీ అధికారిగారికి రాశాను. మళ్ళీ ఏడు కూడా ఈ ముఠానే పిలవమని రాశాను. మీ ఆఫీసులో ఉత్తరం మొదటి వాక్యం దాటి చదవరు కాబట్టి ఆ మాట మొదటి వాక్యంలోనే పెట్టాను. లెక్కల టీచరుగారికి కూడా మీ ఉత్తరాలన్నీ చూపించాను. ముక్కు చీదుకుని, “అయినా నా గన్నేరు సంగతేంటి?” అన్నారు. దానికి జవాబు మీరే చెప్పుకోండి.

ఇట్లు,
గొడుగు సారు ఇంటావిడ

తా.క. రేపు సాయంత్రం కుళాయి పక్క బెంచీ మీద ఒక నల్లగొడుగు విప్పి ఉంటుంది. ఎవరో మరిచిపోయారని తీసెయ్యకండి. పిడికి తెల్లగుడ్డ కట్టాను. గిన్నెలు కడగడం అయ్యాక నేనే వచ్చి తీసుకుంటాను. ఒక్కదాన్నే కాబట్టి గిన్నెలు తక్కువే. కానీ చలికాలం నుంచి చెప్పాల్సినవి మిగిలిపోయాయి. కాస్త ఆలస్యమవుతుంది.