గరికలంక స్టేషనులో దొరగారి విడిది

గుడివాడ

గౌరవనీయులు కృపావతి గారికి నమస్కారాలు.

నేను కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్పి రిటైరయ్యాను. బందరు లైనులో మూతపడ్డ మీ గరికలంక స్టేషను మీద పుస్తకం రాస్తున్నాను. తమరు ఆ ఊళ్ళోనే హెడ్మిస్ట్రెస్‌గా చేశారట. స్టేషను పూర్వ వైభవం తెలియజేయగలరు.

భవదీయుడు,
రామబ్రహ్మం

గరికలంక

రామబ్రహ్మం గారికి వందనాలు.

వైభవమా! రైలు ఆపడం మానేశాక గుడివాడ రావాలంటే రెండు ఆటోలు మారుతున్నాం. అప్పుడు ఏ చరిత్ర మేష్టారూ కార్డుముక్క రాయలేదు. ఆ వెయిటింగ్ రూంలో సుఖపడ్డవాడు మా దొర ఒక్కడే. మధ్యాహ్నం తిని అక్కడే పడుకునేవాడు. ఇంజను కూత వింటే లేచి పట్టాల దాకా వెళ్ళి నిలబడేవాడు. రాసుకోండి.

ఇట్లు,
కృపావతి

తా.క. కవరు మీద మా ఊరిని 'గరికిలంక' అన్నారు. ముందు ఊరి పేరు నేర్చుకోండి, చరిత్ర తర్వాత రాద్దురు.

గుడివాడ

కృపావతి గారికి అనేక ధన్యవాదాలు.

మీ ఊళ్ళో ఇంగ్లీషు దొర మకాం! ఎంత గొప్ప సంగతండీ! 'దొరగారి విడిది' అని నల్లరాతి మీద చెక్కించేశాను. ఆవిష్కరణ రోజు పాసింజరు కాసేపు ఆపుతామని రైల్వేవారు మాటిచ్చారు. దొరగారి పూర్తి పేరు, సమాధి వివరాలు పంపగలరు.

మీ రామబ్రహ్మం

తా.క. మధ్యాహ్నం ఏం భుజించేవారు? కేకా, రొట్టా?

గరికలంక

రామబ్రహ్మం గారూ,

పిల్లిపెసర మేత. పచ్చిది. దొర మా దున్నపోతండీ బాబూ! నుదుట తెల్లమచ్చ ఉందని నాన్న పెట్టిన పేరు. మీకు ఉద్యోగం ఇచ్చినవాళ్ళని చూడాలనుంది.

కృపావతి

తా.క. సమాధి లేదు. నాగాయలంక ఆయనెవరో కొని తోలుకెళ్ళాడు.

గుడివాడ

అమ్మా కృపావతి గారూ,

రాయి స్టేషనులో పాతించేశాను, ఆహ్వానం కార్డులు పంచేశాను. నా పరువు మీ చేతుల్లో ఉంది. నోరు మెదపకండి. ఊరందరినీ తెచ్చి ప్లాట్‌ఫారం నింపండి చాలు.

వేడుకుంటూ,
రామబ్రహ్మం

తా.క. రాతి మీద 'ఇంగ్లీషు' అని లేదు. కాబట్టి అబద్ధం కాదు.

బందరు

రామబ్రహ్మం గారికి వందనాలు.

నింపమన్నారు, నింపాను. మీరు కళ్ళు మూసుకుని దొరగారిని కీర్తిస్తుంటే రైలొచ్చి ఆగింది. "ఎక్కండర్రా!" అన్నాను. ఒక్కరూ మిగల్లేదు. మీరు కళ్ళు తెరిచేసరికి బండి కదిలింది. కిటికీలోంచి చెయ్యి ఊపాను, చూశారో లేదో.

ఇన్నేళ్ళకి మా స్టేషనులో రైలెక్కానండీ. బందరు దాకా కొంగుతో కళ్ళు తుడుచుకుంటూనే ఉన్నాను. దిగాక మా ఊళ్ళో బండి ఆపాలని అందరం అక్కడే బైఠాయించాం. ఇంతమంది ఎక్కుతారని రైల్వేవాళ్ళు అనుకోలేదట. సోమవారం నుంచి గరికలంకలో బండి ఆపుతామన్నారు.

ఈసారికి మాత్రం మీ మీద కోపం లేనిది,
కృపావతి

తా.క. టిక్కెట్లేవని అడిగారు. అందరం రామబ్రహ్మం గారి అతిథులమని చెప్పి మీ అడ్రసు ఇచ్చాం. ఊరి పేరు తప్పు లేకుండా రాశాను.