థర్మోస్టాట్ ఏ గదిలో పెట్టను?

సునీతా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. పొద్దున ఐర్లండ్‌లో మన డ్రోహెడా ఇంటికి వైర్‌లెస్ థర్మోస్టాట్ బిగించారు. అది ఉన్న గది వెచ్చబడగానే ఇల్లంతా వేడిచేసే బాయిలర్ దానంతటదే ఆగిపోతుందట, గ్యాస్ వృథా కాదట. "మీరు ఎక్కువసేపు కూర్చునే గదిలో పెట్టుకోండి," అని చెప్పి వెళ్ళాడు బిగించినతను.

నేనెక్కడ కూర్చుంటున్నాను గనక? వంటింట్లో పెట్టి తీశాను. హాల్లో పెట్టి మళ్ళీ తీశాను. దాన్ని పట్టుకుని మెట్లెక్కుతూ దిగుతూ ఉంటే, "డాడ్, జస్ట్ పిక్ ఎ రూమ్!" అని విసుక్కుంది మన అమ్మాయి.

చివరికి మన పడగ్గదిలోకి వెళ్ళాను. నువ్వు పోయాక అక్కడి గోడకున్న వేడి రేడియేటర్ కట్టేసి తలుపు మూసేశాను. ఇవాళ రేడియేటర్ మళ్ళీ తిప్పి ఆన్ చేశాను. చలేస్తోందని నువ్వంటే స్వెట్టర్ వేసుకోమనేవాణ్ణి. థర్మోస్టాట్ అక్కడే ఉంచి, నువ్వడిగిన ఇరవై రెండు డిగ్రీలే పెట్టి, మంచం మీద నీ వైపున కూర్చున్నాను. గది వెచ్చబడేదాకా లేవలేదు.