వీడియో కాల్‌లో దిష్టి

డాక్టర్ వ్రెత్తోస్ గారికి,

ఇంకా పుట్టని మీ పేషెంటు తల్లిని రాస్తున్నాను.

సోమవారం మా దీవి ఆసుపత్రి పంపిన స్కాన్ చూసి, మీరు ఏథెన్స్ నుంచి వీడియో కాల్‌లో "బాబు బంగారంలా ఉన్నాడమ్మా, కిడ్నీ వాపు తగ్గుతోంది" అన్నారు. అంతలో కాల్ తెగింది. సిగ్నల్ లేక కాదు, మా అత్తగారు గరిఫాలియా కట్ చేశారు. "కడుపులో బిడ్డను అంతలా మెచ్చుకుని, థూ థూ అని మూడుసార్లు ఉమ్మడేం? దిష్టి తగలదూ! ఏం చదివాడో మహానుభావుడు!" అంటూ, మీ బదులు తనే ఫోన్ మీద ఉమ్మి తుడిచారు.

మన్నించండి. వచ్చే కాల్‌కీ ఆవిడ నా పక్కనే కూర్చుంటారు. వాపు ఇంకా తగ్గితే ముందు ఉమ్మి, ఆ తర్వాత చెప్పండి. మళ్ళీ పెరిగితే పుట్టగానే ఆపరేషన్ అన్నారు కదా, అలాగైతే మాత్రం ఆవిడ కోసమని ఉత్తుత్తినే ఉమ్మకండి.

నేను మీ పెదవుల వంకే చూస్తుంటాను.