షిగె అవ్వ ఫోటోకు ముందు

యాయిజు,
నవంబరు.

నీళ్ల మీద ఉన్న మీకు నాహోకో నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ నేనూ మామయ్యా ఒకరికొకరం తోడుగా ఉన్నాం. మీరూ, ఓడలో మీవాళ్లూ కులాసా అని తలుస్తాను.

కేప్‌టౌన్ రేవు నుంచి మీరు వేసిన ఉత్తరం అందింది. వంటింటి కప్పు కారడం ఆగిందా అని అడిగారు. ఆగింది. మామయ్య నన్ను నిచ్చెన ఎక్కించి, కింద నిలబడి కేకలు పెడుతూ బాగుచేయించారు. మీ నాన్నగారి తిండి సంగతి అడిగారు. బాగానే తింటున్నారు, చేపల పులుసులో ఉప్పు చాల్లేదని రోజూ నన్ను సాధిస్తున్నారు కూడా. మీ నడుంనొప్పికి పట్టీలు విడిగా పంపాను. వాడండి, దాచుకోకండి.

ఇక్కడి కబురల్లా షిగె అవ్వది. తోఫు కొట్టు వెనక ఉండే అవ్వకు ఎనభై ఎనిమిదో ఏడు వచ్చింది. పిల్లలు వేడుక చేస్తామన్నారు. అవ్వ నేరుగా మన ఇంటికొచ్చి మామయ్య ఎదురుగా కూర్చుంది.

"నన్నూ మా ఆయన్నూ పక్కపక్కన నిలబెట్టి ఫోటో తీశావే, ఆ కెమెరాతోనే తియ్యాలి. నువ్వే తియ్యాలి."

"స్టూడియో ఎప్పుడో మూసేశాను కదా అక్కా! ఆ కెమెరా, నేనూ ఇద్దరం తుప్పుపట్టాం" అన్నారు మామయ్య.

"నేనేమైనా తళతళలాడుతున్నానా? తీస్తావా, లేకపోతే పైకి పోయాక మా ఆయనతో నీ మీద చాడీలు చెప్పమంటావా?"

మామయ్య నవ్వేశారు. మర్నాడు పొద్దున్నే ఆ తోలు మడతల కెమెరా దింపించి తుడిచారు. అవ్వ ఇంట్లో వెలుతురు తక్కువ, ఫ్లాష్ తప్పదు. షట్టరూ ఫ్లాషూ ఒక్క క్షణంలో కలుస్తున్నాయో లేదో ముందు చూసుకోవాలి. ఫిల్ము వేయకుండా వెనక తలుపు తెరిచి, ఫ్లాష్‌ను లెన్సు ఎదురుగా పెట్టి మీట నొక్కాలి. వెనకనుంచి చూస్తే లెన్సు నిండా తెల్లటి గుండ్రం కనపడాలి. మొదట కుదరలేదు, తర్వాత కుదిరింది. ఫోటో తీశాం. అవ్వ పళ్లులేని నోటితో నిండుగా నవ్వింది. ఆ ఫోటో ఒకటి దీనితో పెడుతున్నాను.

ఇంతవరకూ రాసి కలం కింద పెట్టాను. టీ తాగాను. మళ్లీ కూర్చున్నాను. "మొదట కుదరలేదు" అని ఒక్క ముక్కలో దాటేశాను కదా, అక్కడ జరిగింది మీకు చెప్పాలి.

ఆ పొద్దున మామయ్య ఎప్పటి అలవాటున ఎడమ కన్ను గట్టిగా మూసి, కుడి కంటితో కెమెరా వెనకనుంచి చూస్తూ మీట నొక్కారు. "అబ్బ, పున్నమి చందమామే!" అన్నారు. నాకూ చూడాలనిపించి, మీట నొక్కి చూశాను. అంతా నలుపు.

"ఏమీ కనపడలేదు మామయ్యా."

"నీకు చూడ్డం రాదు. ఇలా తే." మళ్లీ నొక్కారు. "ఇదిగో, ఎంత నిండుగా వచ్చిందో!"

ఆ నొక్కుడుకు ఫ్లాష్ వెలగనే లేదు. దాని తీగ ఊడి నా ఒళ్లో పడి ఉంది. ఆ తీగ తీసి ఆయన అరచేతిలో పెట్టాను. వేళ్లతో తడిమారు. ముఖం పక్కకు తిప్పుకున్నారు.

"ఎప్పటినుంచి?" అన్నాను.

"పోయిన చలికాలం నుంచి. కుడిది పూర్తిగా పోయింది. ఎడమదాన్లో అంచులు మసక." తీగ తిరిగి నా చేతిలో పెట్టి అన్నారు: "తెత్సురోకి రాయకమ్మా. వాడిప్పుడు ఓడ దిగలేడు, దిగులు మాత్రం పడతాడు. నాకు మాటివ్వు."

ఇచ్చాను. ఏడుపు ఆపుకోవడానికి ఇచ్చాను.

"సరే, లెన్సు పక్కన చిన్న మీటుంటుంది, ఏ అక్షరం దగ్గరుందో చూడు" అన్నారు. ఎమ్ దగ్గరుందన్నాను. "అది పాతకాలం బల్బులకి. అవి మెల్లగా అంటుకుంటాయి, వాటికోసం షట్టర్ ఆగుతుంది. ఇప్పటి ఫ్లాష్ ఎవరికోసమూ ఆగదు. ఎక్స్ దగ్గరికి జరుపు." జరిపాను. ఊడిన తీగ తగిలించాక ఆయన నొక్కారు, నేను చూశాను. తెల్లగా, గుండ్రంగా, నిండుగా.

"వచ్చిందా?"

"వచ్చింది మామయ్యా."

"ఈసారి నిజంగానా?" అని ఆయనే నవ్వారు. నేను నవ్వలేకపోయాను.

అవ్వ ఫోటో కూడా అలాగే తీశాం. దూరం కొలిచి చెప్పింది నేను, మీట నొక్కింది ఆయన.

తర్వాత బతిమాలి కళ్లాసుపత్రికి తీసుకెళ్లాను. పోయిన చూపు తిరిగి రాదట. ఎడమ కన్ను మాత్రం రోజూ మందు చుక్కలు వేస్తే నిలుస్తుందని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. పొద్దునా సాయంత్రం నేనే వేస్తున్నాను. మీరు కంగారుపడి ఓడ వదిలి రావద్దు. కానీ మీకు తెలియకుండా మీ నాన్నను చూసుకోవడం నా వల్ల కాదు. అందుకే మాట తప్పాను. కోపం వస్తే నామీదే పడండి, ఆయన్నేమీ అనకండి.

ఆసుపత్రి నుంచి వచ్చేటప్పుడు రేవు దగ్గర చేపల లారీలు వరసగా పోతున్నాయి. ఇన్నేళ్లుగా నాకు రెండడుగులు ముందే నడిచిన మనిషి, మెల్లగా వెనకొచ్చి నా కోటు చెయ్యి పట్టుకున్నారు. నేను చూడనట్టే నడిచాను. రోడ్డు దాటాం. లారీల చప్పుడు వెనకబడింది. మన వీధి వచ్చింది. ఆయన చెయ్యి వదల్లేదు.

ఇట్లు,
మీ ఇంటిది,
నాహోకో.