నాలుగు లీటర్ల నీళ్ళు

నన్ను చంకనేసుకుని తిప్పి, ఇప్పుడు నడుం నొప్పని సాకులు చెప్పే మా అక్కకి,

ఫోన్ చెయ్యకుండా ఉత్తరం ఏమిటని విసుక్కోకు. ఫోన్లో అయితే నువ్వే మాట్లాడతావు. ఎనిమిది గంటలు బస్సు నడుపుతూ నోరు కట్టేసుకున్న కసి అంతా నా చెవి మీద తీర్చుకుంటావు. ఉత్తరంలో అయితే చచ్చినట్టు చివరిదాకా వింటావు.

పోయిన ఏడాది నువ్విచ్చిన పాత జీన్స్ వేసుకుంటే, కర్రకి సంచీ తొడిగినట్టుందని నవ్వావు కదా. మొన్న ఆదివారం మళ్ళీ వేసుకున్నాను. బెల్టు లేకుండా తుంటి మీద నిలబడింది. అద్దం ముందు అటు తిరిగి ఇటు తిరిగి పావుగంట గడిపాను. తలుపు తీసే ఉందేమో, పక్క గది టీచరమ్మ తొంగి చూసి, "ఏంటమ్మా వెతుకుతున్నావ్, ఏమైనా పోయిందా?" అంది. పోలేదండీ, వచ్చిందని చెప్పాను. ఆవిడకి ఏం అర్థమైందో గాని నవ్వుతూ వెళ్ళిపోయింది.

హార్మోన్లు మొదలుపెట్టి ఏడాదిన్నర అయింది. బుగ్గలు నిండాయి. తొడలు ఒకదానికొకటి తగులుతున్నాయి. చేతులు సన్నబడ్డాయి, బలం కూడా కాస్త తగ్గింది. ఇదివరకు ఒక చేత్తో లాగే తాడు ఇప్పుడు రెండు చేతులతో లాగుతున్నాను. పొట్ట మీద కొవ్వు నడుం కిందికి ఎప్పుడు జారుతుందని డాక్టరమ్మని అడిగాను. "అది ఇల్లు మారినట్టు సామాను సర్దుకుని వెళ్ళదమ్మా. పాతది మెల్లగా తగ్గుతుంది, కొత్తగా వచ్చేది వేరే చోట చేరుతుంది. ఎంత చేరుతుంది, ఎక్కడ ఆగుతుంది అన్నది నీ చేతిలో లేదు, నా చేతిలోనూ లేదు. ఇంకా రెండు మూడేళ్ళు ఓపిక పట్టు" అంది. పట్టుకోవడానికి నాకేం కష్టం, ఇన్నేళ్ళూ చేసింది అదే కదా.

పనిలో మాత్రం ఎవరికీ చెప్పలేదు, అక్కడ నేనింకా అబ్బాయినే. నేను అద్దాల మేడలు కడుగుతానని నీకు తెలుసు గాని, ఎలాగో తెలియదు. పైనుంచి వేలాడే ఇనుప తొట్టెలో ఇద్దరం నిలబడతాం. తలా ఇరవై లీటర్ల బకెట్. తొట్టె మొయ్యగలిగే బరువుకి ఒక హద్దుంది కాబట్టి, నెలకోసారి మేస్త్రీ అందరినీ కాటా ఎక్కించి బోర్డు మీద రాస్తాడు. ఆ లెక్కనే ఎవరి పక్కన ఎవరో నిర్ణయిస్తాడు. నా జోడీ బాబాయ్. వరసకి కాదు, అందరూ అలాగే పిలుస్తారు. ఆయన పక్కన ఉన్నంతసేపు నాకు ఇరవయ్యో అంతస్తు కూడా ఇంటి అరుగులాగే ఉంటుంది. నా సంగతి తెలిస్తే ఆయన నాతో తొట్టె ఎక్కనంటాడేమోనని భయం. బోర్డు మీద నా అంకె ఇప్పటికీ అరవైయే. నేను చూసుకుంటాలే.

ఇట్లు,
నీ జీన్స్ ఇక తిరిగివ్వని చెల్లెలు


అక్కా,

నీ ఉత్తరం చూశాను. బస్సు డిపో వాసన కొట్టే కాగితం మీద ఒకే ఒక్క ప్రశ్న రాశావు. "ఒళ్ళొచ్చిందంటావు, అంకె మారలేదంటావు, ఎలాగే?" నీ దగ్గర దాచడం నా వల్ల కాదు. నువ్వు తిట్టాలి, తిట్టు.

నా అసలు బరువు అరవై నాలుగు. కాటా రోజుకి ముందు రెండు రోజులు కడుపు మాడ్చుకుంటున్నాను. టీ తప్ప ఏమీ తాగను, ఆ పూట నీళ్ళు కూడా మానేస్తాను. ఒకసారి అంకె పెరిగితే జోడీ మారుస్తారు, ఎందుకు పెరిగిందని అడుగుతారు. చొక్కా విప్పించి బనియన్ మీద నిలబెట్టి చూస్తారు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునే రకం నేను. అడిగితే మొహంలోనే తెలిసిపోతుంది.

అలాగని బాబాయ్ ప్రాణం మీదికి తేలేను కదా. అందుకే పైకి వెళ్ళేముందు నా బకెట్లోంచి నాలుగు లీటర్లు ఎవరూ చూడకుండా పారబోస్తున్నాను. లెక్క సరిపోతుంది. కానీ ఎందుకో ఇద్దరి నీళ్ళూ కలిపినా నాలుగో కిటికీకే అయిపోతున్నాయి. బకెట్ కారుతోందేమోనని రెండుసార్లు మార్చాను. నీళ్ళకోసం దిగడం, ఎక్కడం. "మీ ఇద్దరూ పైన స్నానాలు చేస్తున్నారా?" అని మేస్త్రీ రోజూ సతాయింపు.

సోమవారం కాటా అయ్యాక తొమ్మిదో అంతస్తులో కళ్ళు బైర్లు కమ్మాయి. కడ్డీ పట్టుకుని కూలబడ్డాను. బాబాయ్ వెంటనే తొట్టె దించాడు. తన డబ్బాలోంచి రెండు గుడ్లు, రొట్టె తీసి నా చేతిలో పెట్టి, తినేదాకా ఎదురుగా కూర్చున్నాడు. "ఏదైనా జబ్బైతే చెప్పరా. నేను తోడొస్తా" అన్నాడు. దొంగకి తేలు కుట్టినట్టు తల వంచుకుని గుడ్డు పెంకులు ఏరుతూ కూర్చున్నాను.

ఆ రాత్రి మాత్రలు మానేద్దామా అనుకున్నాను, అక్కా. అనుకున్నాక అద్దంలో చూసుకున్నాను. ఆ బుగ్గలు, ఆ నడుం, ఇన్నాళ్ళకి నాదనిపించిన ఒళ్ళు. దీన్ని వెనక్కి పంపించి నేనెక్కడికి పోవాలి? ఏడ్చాను. ఏడ్చి పడుకున్నాను. పొద్దున లేచేసరికి ఒకటి తేలిపోయింది. మాత్రలు మానను, అన్నం మానను. రేపు బాబాయ్‌కి చెప్పేస్తాను. ఆయన వద్దంటే పని పోయినా సరే.

ఇది చదివి కంగారుపడతావు, నా కోసం ఆ ఒక్క రోజు బస్సు నెమ్మదిగా నడుపు.

ఇట్లు,
తిట్లకి సిద్ధంగా ఉన్న నీ చెల్లి


అక్కోయ్,

ముందు కూర్చో. స్టీరింగ్ ముందు మాత్రం చదవకు.

బకెట్ల గదిలో బాబాయ్‌తో అంతా చెప్పేశాను. నేను ఆడపిల్లనని, మందులు వాడుతున్నానని, ఒళ్ళు మారుతోందని, బరువు దాచానని. ఆయన గుడ్డ పిండుతూనే విన్నాడు. తరవాత అన్నాడు, "రోజూ పొద్దున నీ సేఫ్టీ బెల్టు బిగించేది నేనే కదా. తొడ పట్టీ రెండు చిల్లులు వదులు చేశా. ఛాతీ పట్టీ తగిలితే నువ్వు ముడుచుకుంటున్నావ్. ఏదో అవుతోందని ఐదు నెలల కిందటే తెలుసు. ఏంటో తెలీలేదు. పెద్ద రోగమేమోనని నా భార్య, నేను ఒకటే దిగులు. ఇదా సంగతి?"

ఇదేనన్నాను.

"మరి బోర్డు మీద అరవై ఉంది, పట్టీలు చూస్తే మూడు నాలుగు కిలోలు పెరిగావని తెలుస్తోంది. అడిగితే బాధపడతావేమోనని నా బకెట్లో నాలుగు లీటర్లు తక్కువ పోస్తున్నా, ఇన్ని నెలలుగా."

"బాబాయ్, నేను కూడా నాలుగు లీటర్లు పారబోస్తున్నా" అన్నాను. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఆయన బోర్లించిన బకెట్ మీద కూర్చుని కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వాడు. నేనైతే గోడ పట్టుకున్నాను. ఒకరినొకరు కాపాడుకుంటూ, ఎనిమిది లీటర్లు తక్కువతో, ఊరంతటి అద్దాలు కడుగుతున్నామన్నమాట.

నవ్వు విని మేస్త్రీ వచ్చాడు. దాక్కోవడం ఇక చేతకాలేదు, ఆయనకీ చెప్పాను. ఆడపిల్ల అన్న దగ్గర తల గోక్కున్నాడు, బరువు దాచాననగానే మాత్రం నిప్పులు చెరిగాడు. "నువ్వు ఏమైనా అవ్వు, అది నీ ఇష్టం. నాకు దొంగ అంకె చెప్పి పైకెళ్తే నేను నిద్రపోయేదెలా?" అన్నాడు. శిక్షగా ఇద్దరి చేతా నలభై బకెట్లు తోమించాడు. సాయంత్రం ఆడవాళ్ళ కొలతలతో వచ్చే బెల్టు ఒకటి నాకోసం తెప్పించమని ఆఫీసుకి కబురుపెట్టాడు. డాక్టరమ్మ కూడా తనవంతు వాయించింది. "తినకుండా ఉంటే నడుంకి ఏం చేరుతుంది, గాలా?" అంది.

ఇవాళ మళ్ళీ కాటా. కడుపునిండా తిని వెళ్ళాను. అందరూ చుట్టూ ఉన్నారు. ఒకరిద్దరు ఇంకా ఎటో చూస్తున్నారు, చూడనీ. చొక్కా మీదే ఎక్కమన్నాడు మేస్త్రీ. ముల్లు ఊగి ఊగి ఆగింది. "అరవై ఐదు" అన్నాను, ఆయన అడగకముందే, గట్టిగా. జోడీ విడిపోతుందనే అనుకున్నాను. మేస్త్రీ పాతది చెరిపి కొత్తది రాసి, పక్కనే ఎప్పటిలాగే బాబాయ్ అంకె రాశాడు. తొట్టె హద్దుకి ఇంకా మూడు కిలోల చోటుందట, బకెట్లో నీళ్ళు రెండు లీటర్లు తగ్గిస్తే చాలట.

సుద్దముక్క ఇంకా కింద పెట్టలేదు, వెనకనుంచి బాబాయ్ అన్నాడు, "కాస్త చోటు వదిలి రాయండి మేస్త్రీ. ఇంకా పెరుగుతుంది మా అమ్మాయి."

ఇట్లు,
అరవై ఐదు కిలోల నీ చెల్లెలు