గాలి ఉంటే భయం లేదు

మంగళవారం, ఊరిగాం

కార్వార్ అఖాతంలో చేపల బోటు మీద పనిచేసే అన్న సాయంత్రం ఫోన్ చేశాడు. "మూడు దినాలుగా గాలి ఆగనే లేదురా. అలలు బోటు పైకెక్కుతా ఉండాయి. రేపు తెల్లారే పోవల్లంట, లేకుంటే పని లేదంట" అన్నాడు. పోనని చెప్పమన్నాను. కూలివాడి ప్రాణం యజమాని సొత్తు కాదని, మా సంఘం కరపత్రంలో నేను రాసిన మాటే అరిచాను.

"ఆ కరపత్రం నువ్వే వచ్చి మా ఓనరుకు చదివి వినిపించు పోరా" అని నవ్వాడు.

నాయన ఫోన్ లాక్కున్నాడు. ఆయనకు వినబడింది "గాలి ఆగనే లేదు" అన్న ఒక్క ముక్కే. "గాలి బాగా ఉండాదా? అట్లయితే భయం లేదప్పా, పో" అన్నాడు. ముప్పై ఏళ్లు ఇక్కడి బంగారు గనిలో దిగిన మనిషి. ఆ లోతుల్లో గాలి ఆడితేనే ప్రాణం, ఆగిందంటే చావు. సముద్రం మీద ఆ లెక్క తలకిందులని ఆయనకు తెలియదు. అన్న కూడా చెప్పలేదు. "సరే నాయనా" అన్నాడంతే.

నేను చెబుదామని రెండుసార్లు నోరు తెరిచాను. నిజం దాచేవాళ్లందరినీ తిట్టే నేను...

"వానికి గాలి బాగా తగులుతా ఉండాదంట" అని అమ్మతో చెప్పి, నాయన చాలా రోజుల తర్వాత కడుపునిండా తిన్నాడు. నేను మజ్జిగ పోశాను.