కట్టుకునేదా, ఉంచుకునేదా?

మిష్రిఫ్, కువైట్
8-10-1982

నా రెడ్డెమ్మకు, నీ మామ చిన్నపుల్లయ్య దీవించి రాసేది. నేను బాగున్నాను. నువ్వు బాగున్నావని రాస్తే ఇంకా బాగుంటాను.

ఈ జాబు పోస్టులో వేయలేదు. మన ఊరి హుస్సేన్ పీరా సెలవు మీద వస్తుంటే అతని చేతికే ఇచ్చాను. దీంతోపాటు నీకొక చీర కూడా ఉంది. పూలు పెద్దవని కోప్పడొద్దు, చిన్నపూల చీరలు అయిపోయాయి.

అసలు సంగతికి వస్తాను. ఇక్కడివాళ్ళు ఇంతింత మేడలు కట్టుకొని, చలికాలం రాగానే ఎడారికి పోయి డేరాల్లో ఉంటారు. మా యజమాని బాబా జీపు నడిపేది నేనే కదా. ఇసుకలో దిగబడకుండా నాలుగు టైర్లలోనూ సగం గాలి తీసేయాలి. తిరిగి తారు రోడ్డు ఎక్కే ముందు మళ్ళీ నింపాలి. పోయిన చలికాలమంతా కాలిపంపు తొక్కి తొక్కి నా కుడి తొడ పహిల్వాను తొడలా తయారైంది. ఎడమది మాత్రం ఇంకా నాదే.

ఇది చూడలేక బాబా గాలి నింపే మిషన్ కొంటానన్నాడు. కంప్రెసర్ అంటారు. అందులో రెండు రకాలు. ఒకటి ఇంజను పక్కన ఇనపపట్టీలతో కట్టుకునేది. బెల్టు మీద తిరుగుతుంది, గాలి దండిగా కొడుతుంది, కానీ ఆ జీపును వదిలి ఎక్కడికీ రాదు. రెండోది బండి వెనక ఉంచుకునేది. చిన్న పెట్టె. తీగలు బ్యాటరీకి తగిలిస్తే చాలు, ఏ బండికైనా పనికొస్తుంది. కాకపోతే ఒక్క టైరు నిండేసరికి పెనంలా కాగిపోతుంది. షువైఖ్ గ్యారేజీలో పనిచేసే మన రాయచోటి మెకానిక్కు అబ్దుల్ ఖాదర్ వీటికి ‘కట్టుకునేది’, ‘ఉంచుకునేది’ అని పేర్లు పెట్టాడు. "గాలివీడోనివి, గాలి సంగతి నీకు గాక ఇంకెవురికి తెలుస్తాది? నువ్వే తేల్చప్పా" అని నా మీదికి తోశాడు.

నవ్వొద్దు. నిన్ను చూసి మూడేళ్ళయింది. సరైన మిషన్ ఎంచి, ఈ చలికాలం ఎడారిలో ఎక్కడా ఇరుక్కోకుండా గడిపితే, ఎండలు ముదరకముందే నన్ను ఊరికి పంపుతానని బాబా మాటిచ్చాడు. నిన్ను ఎప్పుడు చూస్తానన్నది ఇప్పుడు ఆ మిషన్ చేతిలో ఉంది.

ఇట్లు,
నీ మామ

మరిచాను: ఇక్కడ పనివాళ్ళందరూ ఇంటి యజమానురాలిని ‘మామా’ అని పిలుస్తారు. వచ్చిన కొత్తలో వంటావిడ లోపలినుంచి "మామా" అని కేకేస్తే, నువ్వే పిలిచావనుకొని బకెట్టు వదిలేసి పరుగెత్తాను. ఇప్పుడు పరుగెత్తను. తల మాత్రం ఇంకా తిరుగుతుంది.

---

మిష్రిఫ్, కువైట్
19-10-1982

రెడ్డెమ్మకు నీ మామ దీవెనలు.

హుస్సేన్ పీరా ఈపాటికి నా జాబూ చీరా ఇచ్చే ఉంటాడు కాబట్టి మొదటినుంచీ రాయను. ఈ జాబు పోస్టులో వేస్తున్నాను. నాకింకా తెగడం లేదు. కట్టుకునేదా, ఉంచుకునేదా? నిద్రలో కూడా ఇదే.

కట్టుకుంటే ఎప్పుడూ కళ్ళెదుటే ఉంటుంది, దేనికీ వెతుక్కోనక్కరలేదు. కానీ ఒకసారి కట్టుకున్నాక వదిలించుకోవడం కష్టం. అదే ఉంచుకునేదయితే తేలిక. కావలసినప్పుడు బయటికి తీస్తాం, పనయ్యాక గుడ్డ కప్పి వెనక పండబెడతాం. పోయిన వారం ఒకదాన్ని తెచ్చి చూశాం కూడా. చిన్నది, ముచ్చటగా ఉంది, కానీ తొందరగా వేడెక్కుతోంది. పైగా గొంతు పెద్దది. అది మొదలుపెడితే పక్క డేరావాళ్ళు లేచి కూర్చున్నారు. బాబాకు నచ్చలేదు. అబ్దుల్ ఖాదర్ మాత్రం "రెండూ పెట్టుకోప్పా, ఒకటి మొరాయిస్తే ఇంగోటి" అంటున్నాడు.

ఇంట్లో ఏది కొన్నా నీ మాట మీదే కొన్నాం. ఇదీ అంతే. ఆలోచించి రాయి.

నీ జవాబు కోసం చూస్తూ,
చిన్నపుల్లయ్య

మరిచాను: తొందరగా రాయి. చలి మొదలైంది, ఇంక ఆగలేను.

---

గాలివీడు
6-11-1982

మామ చిన్నపుల్లయ్యగారికి, తమరు తాళి కట్టిన రెడ్డెమ్మ (ఆ సంగతి గుర్తుంటే) నమస్కరించి రాసేది.

తమరి జాబు అందింది. మూడుసార్లు చదివాను. మూడోసారి అక్షరాలు కనపడలేదు, కళ్ళు సరిగా లేవు.

నా సలహా అడిగారు కదా, చెబుతాను. కట్టుకోండి. శుభ్రంగా కట్టుకోండి. ఉంచుకుంటే నలుగురూ నవ్వుతారు. తొందరగా వేడెక్కేదాన్ని, గొంతు పెద్దదాన్ని నమ్ముకుంటే బతుకు ఏమవుతుందో తమరికి నేను చెప్పాలా? కట్టుకుంటే కనీసం గౌరవంగా పడి ఉంటుంది. రెండూ పెట్టుకోమన్న ఆ అబ్దుల్ ఖాదర్ ఎవరో గానీ, వాళ్ళావిడ అడ్రసు దొరికితే పంపండి. ఆమెకు ఒక జాబు రాయాలి.

ఇక్కడ నేను బాగున్నాను. ఎందుకు బాగుండను?

ఇట్లు,
రెడ్డెమ్మ

మరిచాను: హుస్సేన్ పీరా జాబు ఊసు నాకక్కరలేదు. ఈ ఒక్క జాబుతోనే అంతా అర్థమైంది.

---

మిష్రిఫ్, కువైట్
25-11-1982

నా బంగారు రెడ్డెమ్మకు,

నీ జాబు చదివి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను. ఎంత తెలివైనదానివి! గాలివీడులో కూర్చొని ఇక్కడి విషయం ఒక్క ముక్కలో తేల్చేశావు. "గౌరవంగా పడి ఉంటుంది" అన్న మాట అబ్దుల్ ఖాదర్‌కు చదివి వినిపిస్తే, "మీ ఇంటామె నాకంటే పెద్ద మెకానిక్కు గదప్పా" అన్నాడు.

నువ్వు చెప్పినట్టే శుక్రవారం కట్టేసుకున్నాను. అబ్దుల్ ఖాదర్ చేతుల మీదుగా జరిగింది. మన పద్ధతి వదలకుండా పసుపు రాసి, బొట్టు పెట్టి, టెంకాయ కొట్టాను. మామా సాంబ్రాణి వేసింది. బాబా ఇదేం పెళ్ళిరా అని పడిపడి నవ్వాడు. ఆ సాయంత్రమే ఎడారికి తీసుకుపోయాం. ఏమని చెప్పను! అలుపనేదే లేదు. నా ప్రాణానికి ఎంత సుఖంగా ఉందో రాయలేను.

ఇదంతా నీ చలవ. ఇంక ఊరికి రావడం ఖాయమనే అనుకుంటున్నాను. వచ్చాక నీ చేతి రాగిసంగటి తిని, నీ పక్కన అరుగు మీద ఊరికే కూర్చోవాలి. నాకింకేమీ వద్దు.

ఇట్లు,
నీ చిన్నపుల్లయ్య

మరిచాను: పాతదాన్ని పారేయమన్నాడు బాబా. నేను ఒప్పుకోలేదు. ఇన్నాళ్ళూ నా కాళ్ళ కింద పడి నలిగింది పాపం. నా గదిలోనే ఒక మూలకు పెట్టుకున్నాను.

---

గాలివీడు
2-2-1983

ఏమయ్యా పుల్లయ్యా,

నీ జాబు అంది రెండు నెలలు కావస్తున్నా జవాబు రాయలేదు. రాయబుద్ధి కాలేదు, వేరే పని కూడా ఉండింది.

ఎగతాళికి కట్టుకోమంటే టెంకాయ కొట్టి మరీ కట్టుకున్నావా? నాకు బొట్టు పెట్టిన చేతులే కదా అవి! పైగా నా చలవ అంటావా? పాతదాన్ని మూలకు పెట్టుకున్నావా? నీ కాళ్ళ కింద పడి నలిగానా నేను? నేను మూలన కూర్చునే మనిషిని కాను.

నీ మీద చాడీ అనుకోకు. మీ పక్కింట్లో పనిచేసే రజియా బీ సెలవు మీద వచ్చింది. గుచ్చి గుచ్చి అడిగాను. "వాళ్ళ గుట్టు నాకేం తెలుస్తాదమ్మే? చలికాలం వస్తే ఎడారిలోనే ఉంటాడు. బండెనక ఏందో గుడ్డ కప్పి పండబెట్టుకుని పోతాంటే ఒకసారి చూసినా, అంతే" అంది. అది చాలదా?

హుస్సేన్ పీరా చేత జాబు పంపాను, చీర పంపాను అని రాశావు. ఆ మనిషి ఇంతవరకూ ఈ ఊళ్ళో కాలు పెట్టలేదు. పంపి ఉంటే కదా!

ఇంత తిట్టినా ఒక మాట దాచలేకున్నాను. రాయచోటి బస్సు వచ్చే వేళకు ఇప్పటికీ తల దువ్వుకొని కూర్చుంటాను. నువ్వు రావని తెలిసీ కూర్చుంటాను. ఇంక కూర్చోను. నువ్వేమీ జవాబు రాయొద్దు. ముఖాముఖి తేల్చుకుందాం.

రెడ్డెమ్మ

మరిచాను: ఆమధ్య రాయచోటికి పోయి ఫోటో దిగాను. నీకు పంపడానికి కాదు.

---

మిష్రిఫ్, కువైట్
21-2-1983

రెడ్డెమ్మా, నా తల్లీ, అది గాలి మిషన్!

టైర్లకు గాలి కొట్టే మిషన్. ఆడది కాదు, మనిషే కాదు, ఇనుము. జీపుకు కట్టుకున్నాం, నేను కట్టుకోలేదు. ఉంచుకునేదంటే బండి వెనక పెట్టుకునే పెట్టె. ఇసుక పడకుండా గుడ్డ కప్పుతాం. పాతదంటే కాలిపంపు. ఈ సంగతంతా హుస్సేన్ పీరాకిచ్చిన జాబులో విడమరిచి రాశాను. ఆ మహానుభావుడు ఎక్కడ దిగబడ్డాడో!

నా పాత జాబులన్నీ నీ కళ్ళతో మళ్ళీ తలుచుకుంటే ఒళ్ళు చల్లబడింది. "చలి మొదలైంది, ఇంక ఆగలేను" అని కూడా రాశాను కదా. చంపకుండా వదిలావు, అదే గొప్ప.

నువ్వు తల దువ్వుకొని కూర్చుంటానన్న మాట చదివాక అన్నం ముందునుంచి లేచిపోయాను. బాబా దగ్గరికి పోయాను. ఈ చలికాలమంతా ఒక్కసారి కూడా జీపు ఇరుక్కోలేదు, మాట నిలబెట్టుకుంటానన్నాడు. రెండు నెలలు సెలవు ఇస్తానన్నాడు. నేను సెలవు వద్దన్నాను. ఖలాస్ కావాలన్నాను. చివరికి బాబా ఒప్పుకున్నాడు. ఇంక తిరిగి రాను రెడ్డెమ్మా. దుబాయి లేదు, కువైట్ లేదు. నువ్వున్న చోటే నేనూ.

మార్చి మొదటి గురువారం విమానం. నువ్వు మాత్రం ఎక్కడికీ కదలొద్దు. ఆ బస్సు వేళకు ఇంకొక్కసారి తల దువ్వుకో. ఈసారి దిగుతాను.

నీ మామ

మరిచాను: బాబా మనసు పడి ఇంకో మిషన్ కొని బక్షీసుగా ఇచ్చాడు. ఆ ఉంచుకునే రకమే. వద్దనలేక తెస్తున్నాను. నువ్వు దాన్ని చూసి, ముట్టుకొని, తృప్తిగా తిట్టుకోవచ్చు.

---

మిష్రిఫ్, కువైట్
9-3-1983

గాలివీడులో ఉన్న మామకు, రెడ్డెమ్మ రాసేది.

పైన ఊరి పేరు తప్పు రాయలేదు. నేను కువైట్‌లోనే ఉన్నాను.

రజియా బీ పనిచేసే ఇంట్లో ఇంకొక మనిషి కావాలన్నారు. నీ గుట్టు పట్టుకుందామని ఎవరికీ చెప్పకుండా ఒప్పుకున్నాను. ఆ ఫోటో పాస్‌పోర్టుకు. నీ బాబా ఇంటికీ మా ఇంటికీ నడుమ ఒక్కటే గోడ. రజియా బీతోపాటే శనివారం దిగాను. దిగగానే మీ గేటు దగ్గర నిలబడి అడిగితే కాపలాతను చెప్పాడు, నువ్వు ఖలాస్ చేసుకొని, బాబా ఇచ్చిన గాలి మిషన్ పెట్టెతో గురువారమే వెళ్ళిపోయావని. బొంబాయిలో నేను విమానం కోసం కూర్చున్న రోజునే నువ్వు అక్కడ దిగి రైలెక్కి ఉంటావు. ఒకే ఊళ్ళో ఉన్నాం మామా, నాకు తెలియలేదు.

నీ మీద నాకు కోపం లేదు. అది బొంబాయిలోనే పోయింది. అక్కడ ఏజెంటు గదిలో మాకు టీ తెచ్చిన మనిషి ఎవరనుకున్నావు? హుస్సేన్ పీరా! బొంబాయిలో దిగినవాడు ఆ గదుల యజమాని కూతురిని చేసుకొని అక్కడే ఉండిపోయాడు. నన్ను చూడగానే పెట్టె అడుగునుంచి నీ జాబు తీసి ఇచ్చాడు. చదివి ముందు నవ్వాను, తర్వాత ఏడ్చాను. "కట్టుకునింది నేను వదినా, మా అన్న గాదు" అని వాడూ ఏడ్చాడు. చీర కూడా ఇచ్చాడు. పూలు పెద్దవే. అదే కట్టుకొని విమానం ఎక్కాను. నువ్వు చూస్తావని.

నిన్న బాబా జీపు బానెట్ ఎత్తితే గోడ మీదుగా చూశాను. అదే కదా! పసుపు రంగు పోయింది, బొట్టు ఇంకా ఉంది. అంత చిన్నదాని కోసం నేను సముద్రం దాటి వచ్చాను. ఉంచుకున్నదాన్ని వెంటబెట్టుకొని నువ్వు ఊళ్ళో దిగావు, కట్టుకున్నది ఇక్కడ దిగింది.

నీ లుంగీ తీగ మీదే మరిచిపోయావు. రజియా బీ చేత తెప్పించి దిండు కింద పెట్టుకున్నాను. ఉతకలేదు.

నాకు ఇఖామా, అదే ఇక్కడ ఉండే పర్మిట్టు, రెండేళ్ళకు కొట్టించారు. అంతవరకూ కదలడానికి లేదు. తాళంచెవి మా సంజీవమ్మక్క దగ్గర ఉంది. ఉట్టి మీద కుండలో ఊరగాయ పెట్టాను, తిను. తిన్నాక ఒక్క పని చెయ్యి. గేటు పక్కన నీ గదికి ఇంకా తాళమే ఉంది. వేరే డ్రైవరు కుదరలేదంట. ఆ మిషన్‌తో నువ్వే వేగాలని బాబా అంటున్నాడని రజియా బీ చెప్పింది. ఖలాస్ అన్న మాట వెనక్కి తీసుకుంటానని ఆయనకు ఒక జాబు రాయి. గోడకు అటు నువ్వు, ఇటు నేను. అరుగు లేకపోతే పోనీ.

నీ దారి చూస్తూ,
నువ్వు కట్టుకున్న రెడ్డెమ్మ

మరిచాను: ఇక్కడ ఇంటావిడను ‘మామా’ అని పిలవాలని నువ్వు రాసింది నిజమే. పొద్దుననుంచి పిలుస్తూనే ఉన్నాను. పిలిచినప్పుడల్లా ఆమె పలుకుతుంది.